మనుషులు పెట్టిన కట్టడలను దేవుని ఆజ్ఞల నుంచి వేరు చేసి చూడటం ఎలా?

మీ సంఘంలో ఉన్న ఐదు నియమాల గురించి అడిగారు. బాప్తిస్మానికి ముందు నగలన్నీ తీసేయాలి. ప్రతి శుక్రవారం ఉపవాసం ఉండాలి, లేకపోతే ప్రార్థనలు ఆగిపోతాయి. దశమభాగం ఇవ్వకపోతే ఇంటిమీదికి శాపం వస్తుంది. మందులు వాడితే విశ్వాసం లేనట్టే. పాస్టరు గారి అనుమతి లేకుండా వేరే సంఘం కూడికకు వెళ్తే అది తిరుగుబాటు. ఇవన్నీ దేవుడు పెట్టినవేనా, మీరితే పాపమా, పాపం కాకపోతే ఇక ఏ నియమమూ అక్కర్లేదా అన్నది మీ సందేహం.

ఈ ఐదూ ఒక్క రకానివి కావు. అందుకే అన్నింటినీ కలిపి "అవును" అనో "కాదు" అనో చెప్పలేం. మందుల సంగతి మాత్రం నిదానంగా ఆలోచించి తేల్చుకునేది కాదు. రక్తపోటు, చక్కెర, మూర్ఛ, క్షయ, మానసిక అనారోగ్యం, వీటిలో దేనికైనా మందులు మానేసి ఉంటే మిగతా సమాధానం తర్వాత చదవండి, ముందు వైద్యుణ్ణి కలవండి. ఇలాంటి మందులు హఠాత్తుగా ఆపితే జబ్బు ముదరడమే కాదు, కొన్నిసార్లు ప్రాణం మీదికే వస్తుంది.

ఇక మిగతా వాటిని ఎలా పరీక్షించాలో చూద్దాం. నియమాన్ని కాగితం మీద రాయండి, దాని పక్కనే దాని శిక్షను కూడా రాయండి. చాలామంది నియమం మీదే చర్చ పెట్టుకుంటారు, అసలు సంగతి శిక్షలో ఉంటుంది. "శుక్రవారం ఉపవాసం ఉందాం" అనేది ఒక పిలుపు. "శుక్రవారం ఉపవాసం లేకపోతే దేవుడు నీ ప్రార్థన వినడు" అనేది దేవుని గురించి చేసిన ప్రకటన. మొదటిదాన్ని ఏ సంఘమైనా చెప్పుకోవచ్చు. రెండోదాన్ని చెప్పాలంటే దేవుడు ఆ మాట ఎక్కడ అన్నాడో చూపించాలి.

ఆ తర్వాత దానికి ఆధారంగా చెప్పే వచనాన్ని తీసుకుని, ఆ ఒక్క వచనం కాకుండా అధ్యాయం మొత్తం చదవండి. అది ఎవరికి చెప్పారు, ఏ నిబంధన కింద చెప్పారు, అక్కడ శిక్ష ఏమైనా ఉందా, ఆ శిక్ష మీకు చెబుతున్న శిక్ష ఒకటేనా అని చూడండి. చాలా నియమాలు ఈ దగ్గరే తేలిపోతాయి.

మనుషుల నియమం దేవుని ఆజ్ఞగా ఎలా మారుతుందో తెలుసుకుంటే ఇప్పుడున్న వాటిని గుర్తుపట్టడం తేలిక. మార్కు 7లో చేతులు కడుక్కోవడం మీద వచ్చిన తగాదా చూడండి. నిర్గమకాండము 30లో యాజకులు ప్రత్యక్షపు గుడారంలోకి వెళ్లేముందు, బలిపీఠం దగ్గరికి వచ్చేముందు కాళ్లూ చేతులూ కడుక్కోవాలని ఆజ్ఞ ఉంది. ఆ ఆజ్ఞ యాజకులకు, సేవా సమయానికి మాత్రమే. భక్తిపరులు దాన్ని అందరికీ, ప్రతి భోజనానికీ విస్తరించారు. ఉద్దేశం చెడ్డది కాదు, ప్రతి ఇంటి బల్లనూ బలిపీఠంలా పవిత్రంగా ఉంచుకోవాలన్న ఆశ అది. కొంతకాలానికి అది పెద్దల పారంపర్యాచారమైంది. చివరికి కడుక్కోనివాణ్ణి అపవిత్రుడన్నారు. యేసు శిష్యుల మీద ఫిర్యాదు వచ్చింది ఆ ఆఖరి మెట్టు దగ్గరే.

విశ్రాంతి దినం సంగతీ ఇంతే. యిర్మీయా 17 విశ్రాంతి దినాన యెరూషలేము గుమ్మాల గుండా బరువులు మోసుకు రావద్దంటుంది. యోహాను 5లో 38 ఏళ్లు జబ్బుతో పడి ఉన్న మనిషి స్వస్థపడి తన పరుపు ఎత్తుకుని నడిస్తే అది కూడా బరువు మోయడమే అన్నారు. క్రీ.శ. 200 ప్రాంతంలో గ్రంథస్థమైన యూదు పెద్దల బోధల సంకలనం మిష్నా, విశ్రాంతి దినాన చేయకూడని పనులను 39 రకాలుగా లెక్కపెట్టింది. వాటిలో చివరిది ఒక చోటి నుంచి మరో చోటికి వస్తువు తీసుకెళ్లడం. ధర్మశాస్త్రం చుట్టూ కంచె వేయాలన్న మాట కూడా ఆ గ్రంథంలోనిదే. అంటే ఆజ్ఞకు ముందే ఒక హద్దు పెట్టుకుంటే ఆజ్ఞ దాకా పోకుండా ఉంటామన్న ఆలోచన. నాకు నేను కంచె వేసుకోవడంలో తప్పులేదు. కంచె దాటిన పొరుగువాణ్ణి ఆజ్ఞ మీరినవాడని తీర్పు తీర్చినప్పుడు తప్పు మొదలవుతుంది.

యేసు ఈ ఆచారాలను ఎందుకంత గట్టిగా ఎదిరించాడు? జవాబు అదే అధ్యాయంలో కొర్బాను దగ్గర ఉంది. తల్లిదండ్రులకు అందాల్సిన సొమ్మును దేవునికి అర్పితమని ఒకడు ప్రకటిస్తే, ఆ పైన వాళ్లకు ఏమీ చేయనక్కర్లేదని ఆ ఆచారం ఒప్పుకుంది. చూడటానికి గొప్ప భక్తి. దాని కింద "నీ తండ్రిని నీ తల్లిని సన్మానించుము" అన్న ఆజ్ఞ నలిగిపోయింది. కాబట్టి కాగితం మీద మరో ప్రశ్న కూడా రాసుకోండి: ఈ నియమం పాటించడానికి దేవుడు స్పష్టంగా చెప్పిన ఏ పనిని పక్కన పెడుతున్నాను? కొందరు అమ్మ మందులకు డబ్బు లేదంటూ కానుక లెక్క మాత్రం సరిచూసుకుంటారు, కొందరు రాత్రంతా కూడికలో ఉండి పిల్లల్ని ఒంటరిగా వదిలేస్తారు. కొర్బాను ఇప్పటికీ ఈ రూపాల్లోనే ఉంది. తన ఇంటివారిని పోషించనివాడు విశ్వాసం విడిచినట్టే అన్న 1 తిమోతి 5:8ని ఈ విషయంలో తేలిగ్గా తీసుకోకండి.

పౌలు కొలొస్సయులకు రాసిన పత్రికలో రెండో కారణం ఉంది. "చేత పట్టుకొనవద్దు, రుచి చూడవద్దు, ముట్టవద్దు" అనే కట్టడలు జ్ఞానంలా కనిపిస్తాయి, వినయంలా కనిపిస్తాయి, దేహాన్ని శిక్షించడంలా కనిపిస్తాయి, కానీ శరీరేచ్ఛలను అదుపు చేయడానికి ఎందుకూ పనికిరావని 2:23 అంటుంది. నియమాల సంఘాల్లో పనిచేసినవారికి ఇది తెలుసు. అలంకారం మానేసిన చోట అసూయ అలాగే ఉంటుంది, ఉపవాసం ఉన్న నోటితోనే చాడీలు సాగుతాయి. పైగా నియమం పాటించానన్న తృప్తి, లోపలి పాపాన్ని చూసుకోవాల్సిన అవసరాన్ని మరిపిస్తుంది. వారానికి రెండుసార్లు ఉపవాసం చేస్తున్నానని లూకా 18లో చెప్పుకున్న పరిసయ్యుడు అబద్ధమాడలేదు, నిజంగానే చేసి ఉంటాడు. పక్కనున్న సుంకరిని చూసి అతిశయపడకుండా ఆ ఉపవాసం అతణ్ణి ఆపలేకపోయింది.

ఇంతమాత్రాన మనుషులు పెట్టిన నియమమన్నదల్లా చెడ్డదని అనుకోకండి. యిర్మీయా 35 చదవండి. రేకాబీయులకు వాళ్ల పితరుడు యెహోనాదాబు కొన్ని కట్టుబాట్లు పెట్టాడు: ద్రాక్షారసం తాగొద్దు, ఇల్లు కట్టొద్దు, విత్తనాలు విత్తొద్దు, గుడారాల్లో ఉండండి. దేవుడు ఇశ్రాయేలుకు ఎన్నడూ ఇవ్వని ఆజ్ఞలివి. అయినా 200 ఏళ్లకు పైగా తండ్రి మాట నిలబెట్టుకున్నందుకు దేవుడు వాళ్లను మెచ్చుకున్నాడు. అలాగని "మీరంతా రేకాబీయుల్లా గుడారాల్లో ఉండండి" అని యూదావారితో అనలేదు. ఒక కుటుంబం ప్రేమతో పెట్టుకున్న కట్టుబాటు ఆ కుటుంబానిదిగానే ఉన్నంతవరకు గౌరవించదగినదే.

సంఘ ఏర్పాట్లు కూడా అలాంటివే. ఆరాధన ఎన్ని గంటలకు మొదలవ్వాలి, ప్రభువు బల్ల నెలకెన్నిసార్లు, బడి పిల్లలకు పాఠం ఎవరు చెప్పాలి, ఇవి ఏ వచనంలోనూ లేవు. సమస్తం మర్యాదగా, క్రమంగా జరగాలని 1 కొరింథీ 14:40 చెబుతుంది కాబట్టి ఎవరో ఒకరు తేల్చాలి. తేల్చినదాన్ని పాటించడం తోటివారి మీద ప్రేమ. రేపు మార్చుకోవచ్చని అందరికీ తెలిసి ఉండటమే ఇలాంటి నియమానికి గుర్తు. క్రీస్తులో స్వతంత్రుణ్ణి కదా అని పాఠం చెప్పాల్సిన రోజు చెప్పకుండా మానేసేవాడు స్వాతంత్ర్యాన్ని బాధ్యతారాహిత్యంగా మార్చుకుంటున్నాడు.

సలహా మరో రకం. పౌలు 1 కొరింథీ 7లో "నేను కాదు, ప్రభువే" అని ఒకచోట, "ప్రభువు కాదు, నేనే" అని మరోచోట విడదీసి చెబుతాడు. కన్యకల గురించి తనకు ప్రభువు ఆజ్ఞ లేదని ఒప్పుకుని, తన అభిప్రాయం చెప్పి, మీ మీద ఉరి వేయడానికి కాదని 35వ వచనంలో అంటాడు. అపొస్తలుడే తన సలహానూ ప్రభువు ఆజ్ఞనూ అంత జాగ్రత్తగా వేరు చేశాక, ఏ కాపరికైనా ఆ జాగ్రత్త తప్పదు. మీ పాస్టరు గారు ఈ తేడా చూపిస్తారా లేదా అన్నది ఆయన్ని అంచనా వేయడానికి నా దృష్టిలో అన్నిటికన్నా మంచి కొలత.

ఇప్పుడు మీ ఐదు నియమాలు. నగల గురించి మీకు చూపించిన వచనం 1 పేతురు 3:3. జడలు అల్లుకోవడం, బంగారు నగలు పెట్టుకోవడం, వస్త్రాలు ధరించుకోవడం అనే పైపై అలంకారం మీకు అలంకారంగా ఉండకూడదని అక్కడ ఉంది. నగలు పూర్తిగా నిషేధమని దీన్ని చదివితే, అదే వాక్యం ప్రకారం వస్త్రాలూ నిషేధించాలి. పేతురు చెబుతున్నది స్త్రీ విలువ దేని మీద నిలబడాలన్న సంగతి. ఆడంబరానికి వ్యతిరేకంగా 1 తిమోతి 2:9లో బలమైన హెచ్చరిక ఉంది, దాన్ని తక్కువ చేయకూడదు: లేనివాళ్లు చిన్నబోయేలా సంపద ప్రదర్శించడం ఆరాధనలో తగదు. ఎంత, ఏది అన్నది మీ మనస్సాక్షికి వదిలిన విషయం. ఇక బాప్తిస్మానికి షరతుగా పెట్టడం అంతకన్నా పెద్ద సమస్య. అపొస్తలుల కార్యములు 8లో నపుంసకుడు నాకు బాప్తిస్మం ఇవ్వడానికి అడ్డేమిటని అడిగితే ఫిలిప్పు అతని ఒంటి మీద ఏమున్నాయో చూడలేదు. 10వ అధ్యాయంలో కొర్నేలీ ఇంట్లో, వీళ్లకు నీళ్లు ఎవడైనా ఆపగలడా అని పేతురే అడిగాడు.

ఉపవాసం విషయానికొస్తే, మోషే ధర్మశాస్త్రం తప్పనిసరి చేసింది ఏడాదికి ఒక్క రోజునే, ప్రాయశ్చిత్త దినాన్ని. యెరూషలేము నాశనమయ్యాక ప్రజలు అయిదో నెలలో, ఏడో నెలలో సొంతంగా మొదలుపెట్టిన ఉపవాసాలను 70 ఏళ్లు చేసి, ఇంకా చేయాలా అని అడిగితే, మీరు చేసింది నాకోసమేనా అన్నది జెకర్యా 7లో దేవుని ఎదురు ప్రశ్న. ఆ వెంటనే విధవరాలిని, తండ్రిలేనివాణ్ణి, పరదేశిని బాధపెట్టవద్దని చెప్పాడు. బుధ, శుక్రవారాల ఉపవాసం క్రైస్తవుల్లో చాలా పాతది, తొలినాటి సంఘ బోధనల సంకలనమైన దిదాకేలో 8వ అధ్యాయంలో కనిపిస్తుంది. పాత అలవాటుగా దాన్ని గౌరవించవచ్చు, కొత్త నిబంధనలో ఆ రోజుకు ఆజ్ఞ లేదు. ఉపవాసం మంచిదే. యేసు కూడా మీరు ఉపవాసం చేసేటప్పుడు అంటూ మాట్లాడాడు, అంతియొకయ సంఘం ఉపవాసముండి బర్నబాను, సౌలును పంపింది. ఇన్సులిన్ వాడేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా పూట మానకూడదు, వాళ్లు వేరే విధంగా ఆ సమయాన్ని ప్రార్థనకు ఇవ్వవచ్చు.

ప్రార్థన ఆగిపోతుందన్న శిక్షకు ఆధారం ఎక్కడ? ప్రార్థనకు అడ్డు వచ్చేవి బైబిల్లో నిజంగానే ఉన్నాయి. హృదయంలో పాపాన్ని దాచుకోవడం అని కీర్తన 66:18. భర్త భార్యను సన్మానించకపోవడం అని 1 పేతురు 3:7. ఇది నగల గురించి స్త్రీలకు చదివి వినిపించే అధ్యాయమే. 3వ వచనంతో స్త్రీల మెడలు తనిఖీ చేసే చోట 7వ వచనంతో భర్తలను ఎప్పుడైనా నిలదీశారా అని అడగండి. వాక్యాన్ని కొందరి మీదే ప్రయోగిస్తున్నారంటే అక్కడ నడుస్తున్నది వాక్యాధికారం కాదు.

దశమభాగం మీద మీకు చూపించింది మలాకీ 3. అది దేవాలయపు కొట్లు, లేవీయుల ఆహారం గురించి ఇశ్రాయేలుతో అన్న మాట. ధర్మశాస్త్రంలో దశమభాగాలు ఒక్క రకం కాదు. లేవీయులకు వెళ్లేది సంఖ్యాకాండము 18లో ఉంది. పండుగకు తీసుకెళ్లి ఇంటిల్లిపాదీ దేవుని సన్నిధిలో తిని సంతోషించమన్నది ద్వితీయోపదేశకాండము 14:22-27లో ఉంది. మూడో ఏట పరదేశులకు, తండ్రిలేనివారికి, విధవరాళ్లకు, లేవీయులకు పెట్టమన్నది ఆ వెంటనే ఉంది. శాపాన్ని మాత్రం తీసుకుని ఈ మిగతా భాగాలను వదిలేయడం నిజాయితీ కాదు. యెరూషలేము పేదల కోసం పౌలు చందా పోగుచేస్తూ రెండు అధ్యాయాలు రాశాడు, 2 కొరింథీ 8, 9. అందులో శాతం లేదు, శాపం లేదు. ఆజ్ఞగా చెప్పడం లేదని 8:8లోనే అన్నాడు, సణుక్కుంటూ కాకుండా, బలవంతంగా కాకుండా హృదయంలో నిశ్చయించుకున్నట్టు ఇవ్వమన్నాడు. క్రీస్తు మన కోసం శాపమై ధర్మశాస్త్రపు శాపం నుంచి విమోచించాడని గలతీ 3:13 చెబుతుండగా, విశ్వాసి ఇంటి గుమ్మానికి శాపం కట్టే అధికారం ఎవరికీ లేదు.

ఇవ్వడం మానేయమని దీనర్థం కాదు. మాసిదోనియవారు కడుపేదలై ఉండి కూడా సామర్థ్యానికి మించి ఇచ్చారు. చాలామందికి పదోవంతు మంచి ప్రారంభం, ఉన్నవాళ్లకు అది చాలా తక్కువ కూడా. చేయవలసిన పని: ఆదాయం రాగానే ఇంటి అవసరాలు, అప్పు వాయిదాలు, పెద్దల బాధ్యత చూసుకుని మీ అంతట మీరు ఒక మొత్తం నిశ్చయించుకోండి. 1 కొరింథీ 16:2 చెప్పినట్టు ముందే విడిగా తీసి ఉంచండి. కొన్ని నెలలకోసారి తిరిగి చూసుకోండి. సంఘం లెక్కలు చూపించాలని అడగడం అవిశ్వాసం కాదు. ఆ చందా మోసుకెళ్లేటప్పుడు తన మీద నింద రాకుండా పౌలు నమ్మకస్తులైన మరికొందరిని వెంట ఉంచుకున్నాడు, 2 కొరింథీ 8:18-21.

మందుల విషయంలో ఎక్కువగా చదివేది 2 దినవృత్తాంతములు 16:12. ఆసా రాజు జబ్బు పడి యెహోవాను విచారించకుండా వైద్యులనే నమ్ముకున్నాడని ఉంది. తప్పు దేవుణ్ణి వదిలేయడంలో ఉంది. హిజ్కియాకు దేవుడే స్వస్థత వాగ్దానం చేశాక కూడా యెషయా అంజూరపు ముద్ద పుండుకు కట్టమన్నాడు. పౌలు తిమోతికి కడుపు జబ్బు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు, లూకాను ప్రియమైన వైద్యుడన్నాడు. యాకోబు 5:14 పెద్దలను పిలిచి ప్రార్థన చేయించుకోమంటుంది, మందు పారేయమనదు. ఈ నియమాన్ని గౌరవించాల్సిన అవసరం ఎంతమాత్రం లేదు. "సహోదరులు నొచ్చుకుంటారు" అన్న మాట కూడా ఇక్కడ చెల్లదు. పిల్లల వైద్యం ఆపమని ఎవరైనా అంటే ఆ క్షణమే కాదనండి.

వేరే సంఘానికి వెళ్లడం గురించి హెబ్రీ 13:17 చూపిస్తారు, పైవిచారణ చేసేవారి మాట వినమని. వినాల్సిందే, అదే అధ్యాయం 7వ వచనం ప్రకారం వాళ్లు దేవుని వాక్యం బోధించినవాళ్లు, జీవితం చూపించినవాళ్లు కాబట్టి. మందమీద ప్రభువులై ఉండవద్దని 1 పేతురు 5:3 వాళ్లకు కూడా హద్దు గీసింది. సహోదరులను చేర్చుకోకుండా, చేర్చుకోబోయినవారిని సంఘం నుంచి వెలివేసిన దియొత్రెఫే అనే మనిషి గురించి 3 యోహాను 9, 10 చదవండి, మీ ప్రశ్నకు అంతకన్నా దగ్గరి భాగం లేదు. పాస్టరు గారు "ఫలానా చోట బోధ తప్పుగా ఉంది, ఇదిగో కారణం" అంటే అది కాపరి పని. కారణం చెప్పకుండా అనుమతి అడగమంటే అది అదుపు.

ఈ నియమాలు దేవునివి కావని తేలితే వెంటనే అన్నీ విడిచేయాలా? ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. సంశయిస్తూ తినేవాడు దోషి అని రోమా 14:23 అంటుంది. తినడం తప్పు కాదు, తప్పనుకుంటూ చేయడం మనస్సాక్షిని తొక్కడం. ఒకసారి తొక్కడం అలవాటైతే నిజమైన పాపం దగ్గర కూడా అది అరవదు. కాబట్టి ముందు వాక్యంతో మీ మనసులో రూఢి చేసుకోండి, ఆ తర్వాతే మారండి. మందులు తప్ప దేనికీ తొందర లేదు. ఒక్కో విషయం తీసుకుని, దాని గురించి చదివి, ప్రార్థించి, నిశ్చయం కలిగాక అడుగు వేయండి. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు ఏదో తప్పు చేసినట్టు గుబులు ఉంటుంది. ఏళ్ల తరబడి భయంతో చేసినదాన్ని మానేస్తే అలాగే అనిపిస్తుంది, అది పరిశుద్ధాత్మ గద్దింపని వెంటనే అనుకోకండి. వాక్యం స్పష్టంగా పాపమన్నదాని మీద వచ్చే గద్దింపుకు ఫలానా తప్పు అన్న స్పష్టత ఉంటుంది.

తోటి విశ్వాసుల సంగతి ఇంకా సున్నితం. నొచ్చుకున్నవాళ్లంతా బలహీనులు కారు. రోమా 14, 1 కొరింథీ 8లో చెప్పిన బలహీనుడు, మిమ్మల్ని చూసి తన మనస్సాక్షికి విరుద్ధంగా అదే పని చేసి కూలిపోయేవాడు. అతని కోసం మీ స్వేచ్ఛ తగ్గించుకోండి, అతని ముందు ఆ పని చేయకండి, వాదించి గెలవాలని చూడకండి. అతణ్ణి తృణీకరించవద్దన్నది బలవంతులకు ఆజ్ఞ, మిమ్మల్ని తీర్పు తీర్చవద్దన్నది అతనికి ఆజ్ఞ. నియమాన్ని అందరి నెత్తినా రుద్దాలని చూసి, ఎవరైనా లొంగకపోతే నొచ్చుకునేవాడు వేరు. పరిసయ్యులు నొచ్చుకున్నారని శిష్యులు చెబితే, వాళ్లను వదిలేయండన్నాడు యేసు, మత్తయి 15:14. అదే యేసు, మత్తయి 17 చివర, కుమారులు స్వతంత్రులే అంటూనే, పన్ను వసూలు చేసేవాళ్లకు అభ్యంతరం కలగకూడదని ఆలయపు పన్ను కట్టించాడు.

పౌలు తిమోతికి సున్నతి చేయించాడు, తీతుకు చేయించనివ్వలేదు. పని ఒక్కటే. తిమోతి విషయంలో యూదుల మధ్య సువార్తకు దారి కావాలి, ఎవరూ దాన్ని రక్షణకు షరతుగా పెట్టలేదు. తీతు విషయంలో షరతుగా పెట్టారు, కాబట్టి ఒక్క గడియ కూడా లోబడలేదని గలతీ 2:5 చెబుతుంది. సున్నతి పొందితేనే రక్షణ అన్న ఆ మాటనే అపొస్తలుల కార్యములు 15లో యెరూషలేము సభ తోసిపుచ్చింది. పితరులూ మనమూ మోయలేని కాడిని శిష్యుల మెడ మీద పెట్టడమేమిటని పేతురు అక్కడ అడిగాడు. మీ నగలకు దీన్ని అన్వయించండి. ఒక వృద్ధ సహోదరి మనసు కోసం ఆమె ఇంట్లో ప్రార్థనకు వెళ్లేటప్పుడు తీసి వెళ్తే అది ప్రేమ. అవి ఉంటే నువ్వు రక్షణ పొందలేదని, బాప్తిస్మం ఇచ్చేది లేదని అంటే, ఆ షరతు కింద తీయకపోవడమే సరి.

నియమాన్ని రుద్దడం, స్వేచ్ఛను రుద్దడం, సంఘ చరిత్రలో ఈ రెండు తప్పులూ ఒక్క ఏడాదిలోనే కనిపించాయి. 1522 మార్చి 9, శ్రమల కాలపు తొలి ఆదివారం, జ్యూరిక్‌లో ముద్రాపకుడు ఫ్రోషౌవర్ ఇంట్లో మాంసాహార నిషేధాన్ని మీరి సాసేజీలు తిన్నారు. అక్కడే ఉన్న సంఘ సంస్కర్త జ్వింగ్లీ తినలేదు, కానీ రెండు వారాలకు, మార్చి 23న, ఆ నిషేధానికి వాక్యాధారం లేదని వాళ్లను సమర్థిస్తూ ప్రసంగించాడు. సరిగ్గా ఆ మార్చి 9నే జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో సంఘ సంస్కర్త లూథర్ వరుసగా ఎనిమిది ప్రసంగాలు మొదలుపెట్టాడు. అక్కడి సమస్య తిరగబడింది. లూథర్ సహచరుడు కార్ల్‌స్టాట్, ఆయన వెంట ఉన్నవారు మార్పులను హడావుడిగా తెచ్చి, అలవాటు పడనివారి మీద స్వేచ్ఛనే కొత్త నియమంగా మోపుతున్నారు. మార్పుల్లో చాలావాటిని లూథర్ ఒప్పుకున్నాడు, బలవంతాన్ని ఒప్పుకోలేదు. మీ సంఘం నుంచి బయటపడినవాళ్లు ఎవరైనా "ఇంకా ఉపవాసాలేంటి, ఇంకా బానిసత్వమేనా" అని మిమ్మల్ని ఎగతాళి చేస్తే అది కూడా అదే కాడి, రంగు మారిందంతే.

తర్వాత 1548లో చక్రవర్తి ఒత్తిడి మీద జర్మనీలో కొన్ని పాత ఆచారాలను తిరిగి తెచ్చారు. చేసినా చేయకపోయినా ఒక్కటే కదా అని కొందరు సర్దుకున్నారు. విశ్వాసాన్ని ఒప్పుకోవాల్సిన సమయంలో బలవంతంగా రుద్దితే అది ఇక ఐచ్ఛికం కాదని లూథరన్ వేదాంతి ఫ్లేసియస్ వాదించాడు, 1577 నాటి విశ్వాస ప్రకటన అయిన కాన్‌కర్డ్ సూత్రం 10వ అధికరణంలో లూథరన్ సంఘాలు ఆ వైపే తీర్పు చెప్పాయి. తీతు విషయంలో పౌలు పట్టుదల వెనకున్న తర్కమే ఇది.

"మరి ఏ నియమమూ అక్కర్లేదా" అన్న మీ చివరి సందేహానికి గలతీ 5 ఒక్కటి చాలు. స్థిరంగా నిలబడండి, దాస్యపు కాడి కింద చిక్కుకోకండి అన్న అధ్యాయమే, 13వ వచనంలో ఆ స్వాతంత్ర్యాన్ని శరీరేచ్ఛలకు సాకుగా చేసుకోవద్దని, ప్రేమతో ఒకరికొకరు దాసులు కమ్మని చెబుతుంది. 19 నుంచి జారత్వం, ద్వేషం, కక్షలు, మత్తు పేరుపేరునా లెక్కపెట్టి, ఇవి చేసేవారు దేవుని రాజ్యానికి వారసులు కారంటుంది. అబద్ధం, వ్యభిచారం, జీతం ఎగ్గొట్టడం లాంటివి మీ ఐదు నియమాలతో ఒకే గంపలోవి కావు. నగల నియమం పోయిందని ఇవి పోవు.

పాస్టరు గారితో మాట్లాడేటప్పుడు ఒంటరి సమయం అడిగి తీసుకోండి. పెద్దవాణ్ణి గద్దించక తండ్రిలా భావించి మాట్లాడమని 1 తిమోతి 5:1 ఉంది, ఆ మర్యాద తప్పకండి. సంఘం వాట్సాప్ గుంపులో మొదలుపెట్టకండి. మూడే అడగండి: అయ్యగారూ, ఇది దేవుని ఆజ్ఞా, మీ సలహానా? ఏ వాక్యభాగం నుంచి? పాటించకపోతే నాకు రక్షణ లేదంటారా, లేక ఈ సంఘంలో ఫలానా బాధ్యత ఇవ్వనంటారా? మూడోదానికి "బాధ్యత మాత్రమే" అంటే సంఘానికి ఆ హక్కు కొంత ఉంది, మీకు నచ్చకపోయినా శాంతిగా ఉండవచ్చు. "సలహాయే, నేనే గట్టిగా చెప్పాను" అంటే కృతజ్ఞత చెప్పి లేచి రండి, మరీ లాగకండి. "రక్షణే పోతుంది" అంటే, బైబిలు తెరిచి చూపించమని మరోసారి అడగండి. అప్పటికీ మారకపోతే ఇద్దరు ముగ్గురు పెద్దలతో కలిసి వెళ్లండి.

ప్రశ్న అడిగినందుకే శాపం పెట్టడం, మీ వాళ్లతో మాటలు బంద్ చేయించడం, మీరు ఏకాంతంగా ఒప్పుకున్న పాపాలను వేదిక మీద బయటపెడతానని బెదిరించడం, ఇవి జరిగితే ఇక చర్చకు కూర్చోవాల్సిన పని లేదు. నెమ్మదిగా, ఎవరినీ తిట్టకుండా, మీరు చేస్తున్న సేవను ఇంకొకరికి అప్పగించి, వాక్యాన్ని క్రమంగా బోధించే మరో సంఘానికి వెళ్లండి. ఆరాధనకు వెళ్లడమే మానేసి ఇంట్లో ఉండిపోకండి. అక్కడ చేరేముందు కొన్ని వారాలు వినండి, కానుకల లెక్కలు ఎవరు చూస్తారో కనుక్కోండి, బాప్తిస్మానికి ఏమేం అడుగుతారో ముందే తెలుసుకోండి.